ఆ జంతువుని చంపుతున్నదేంటో ముందు తెలుసుకుందాం

అంతరించిపోతున్న జంతువుల గురించి ఎక్కడ మాట వచ్చినా చివరికి అందరూ అడిగేది ఒకటే, "అది సరే, మనలాంటి మామూలోళ్ళం ఏం చేయగలం?" అని. దానికి వచ్చే జవాబులు కూడా ఎప్పుడూ అవే. మొక్కలు నాటండి, ప్లాస్టిక్ తగ్గించండి, నలుగురికీ చెప్పండి, డబ్బులుంటే డొనేట్ చేయండి. ఇవి తప్పని నేననను, కానీ ఇదంతా జబ్బేంటో చూడకుండా వచ్చినవాళ్ళందరికీ ఒకే మాత్ర ఇచ్చి పంపినట్టుంటుంది. రాబందుల్ని చంపింది వేరు, సముద్ర తాబేళ్ళని చంపుతున్నది వేరు, ఒళ్ళంతా పొలుసులుండే అలుగుని (పాంగోలిన్) చంపుతున్నది ఇంకా వేరు. మొక్క నాటితే రాబందు బతకదు కదా. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఏంటంటే, "నేనేం చేయాలి" అనుకునే ముందు "దాన్ని చంపుతున్నది ఏంటి, అందులో నా చెయ్యి ఎక్కడైనా ఉందా" అని అడగండి. అది తెలిస్తే చేయాల్సిన పని దానంతటదే కనిపిస్తుంది, చాలాసార్లు అది మన ఇంట్లోనే ఉంటుంది కూడా.

ఒక కుక్క కథ చెప్తాను. అమెరికాలో బ్లాక్ ఫుటెడ్ ఫెరెట్ అని ఒక చిన్న జంతువుంది, ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉంటుంది, కాళ్ళు నలుపు, కళ్ళ మీదుగా నల్లటి పట్టీ. అది తినేదంతా దాదాపుగా ప్రైరీ డాగ్స్‌నే, పేరుకే డాగ్స్ గానీ అవి ఉడత జాతివి, నేలలో బొరియలు తవ్వుకుని వందల్లో బతుకుతాయి, ఫెరెట్ కాపురం కూడా ఆ బొరియల్లోనే. పశువుల మేత తినేస్తున్నాయని ఆ ప్రైరీ డాగ్స్‌కి దశాబ్దాల తరబడి విషం పెట్టారు, మైదానాలు దున్నేశారు, దాంతో వాటి మీద ఆధారపడ్డ ఫెరెట్ కూడా పోయింది. 1979లో బోనులో పెంచుతున్న చివరిది కూడా చనిపోయేసరికి ఇక ఈ జాతి అయిపోయిందనే అందరూ అనుకున్నారు. తర్వాత 1981 సెప్టెంబర్‌లో వయోమింగ్ రాష్ట్రంలో మీటీట్సీ అనే ఊరి దగ్గర, ఒక పశువుల ఫారంలో షెప్ అనే కుక్క రాత్రి దేన్నో చంపి ఇంటికి తెచ్చి పడేసింది. ఇంటాయన చూసి అవతల పారేశాడు. ఇంటావిడ మాత్రం ఇదేదో ఎప్పుడూ చూడని జంతువులా ఉందే అని ఊరుకోలేదు, దాన్ని ఊళ్ళో జంతువుల చర్మాల్లో దూది కూరి బొమ్మలుగా నిలబెట్టే పనివాడి దగ్గరికి తీసుకెళ్ళారు. అతను చూడగానే గుర్తుపట్టాడు, వెంటనే అధికారులకి కబురు పెట్టాడు. వాళ్ళొచ్చి వెతికితే ఆ చుట్టుపక్కల ఫెరెట్లు ఇంకా బతికే ఉన్నాయి, వంద పైచిలుకు.

ఇది తల్చుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆ ఇంట్లో ఎవరూ సైంటిస్టులు కాదు, పశువులు పెంచుకునేవాళ్ళు. చచ్చిపడున్న ఒక చిన్న జంతువుని ఒకసారి సరిగ్గా చూశారు, తెలిసినవాడి దగ్గరికి తీసుకెళ్ళారు, అతను తెలిసిన విషయం దాచుకోకుండా చెప్పాల్సినవాళ్ళకి చెప్పాడు, అంతే. ఈరోజు భూమ్మీద ఉన్న ప్రతి బ్లాక్ ఫుటెడ్ ఫెరెట్ ఆ గుంపులో మిగిలిన వాటి సంతానమే.

మిగిలినవి అని ఎందుకన్నానంటే, కథ అక్కడితో సుఖంగా అయిపోలేదు. 1985లో ఆ గుంపులోకి రెండు జబ్బులు వచ్చాయి, ప్రైరీ డాగ్స్‌కి ప్లేగు, ఫెరెట్లకి డిస్టెంపర్. డిస్టెంపర్ అంటే కుక్కలకి వచ్చే వైరస్ జబ్బు, కుక్కలు పెంచేవాళ్ళందరికీ తెలుసు, కుక్కపిల్లలకి మొదటి నెలల్లోనే వ్యాక్సిన్ వేయిస్తాం కదా, అదే. ఫెరెట్‌కి అది సోకితే దాదాపు బతకదు. 1987 నాటికి మిగిలిన 18 ఫెరెట్లనీ పట్టి బోనుల్లో పెంచాల్సి వచ్చింది, వాటిలో కూడా ఏడింటి సంతతే నిలబడింది. 1991 నుంచి మళ్ళీ అడవిలో వదులుతున్నారు, ఇప్పటికీ బయట తిరిగేవి కొన్ని వందలే.

ఇప్పుడు ఇందులో మన చెయ్యి ఎక్కడుందో చూడండి. 1994లో ఆఫ్రికాలో సెరెంగెటిలో ఇదే డిస్టెంపర్ వచ్చి అక్కడి సింహాల్లో మూడో వంతు చనిపోయాయి, దాదాపు వెయ్యి సింహాలు. చుట్టుపక్కల ఊళ్ళ కుక్కల్లో తిరుగుతున్న వైరస్సే అది. ఇథియోపియా కొండల్లో ఉండే తోడేళ్ళు పెద్దవన్నీ కలిపి ఐదొందలు కూడా లేవు, వాటిని ఎక్కువగా చంపుతున్నది వేటగాళ్ళు కాదు, ఊరి కుక్కల నుంచి సోకే రేబిస్, డిస్టెంపర్. అందుకే అక్కడ తోడేళ్ళని కాపాడే టీమ్ ఏళ్ళ తరబడి చేస్తున్న పెద్ద పని ఏంటంటే ఊరూరా తిరిగి కుక్కలకి వ్యాక్సిన్లు వేయడం. మీరు అడవికి దగ్గర్లో ఉంటే, లేదా కుక్కని ట్రెక్కింగ్‌కి తీసుకెళ్ళే అలవాటుంటే, దాని వ్యాక్సిన్లు టైమ్‌కి వేయించడం కూడా వన్యప్రాణి సంరక్షణే. దీనికి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు, ఫోటో తీసి పెట్టుకునే పని కూడా కాదు, కానీ ఒక తోడేళ్ళ గుంపు బతకడానికీ చావడానికీ మధ్య తేడా అక్కడే ఉండొచ్చు. అడవి దారిలో కుక్కకి బెల్ట్ విప్పకుండా ఉండటం కూడా ఈ లెక్కలోకే వస్తుంది, నేల మీద గూడు పెట్టే పక్షులకి కుక్క చంపకపోయినా వెంటపడితే చాలు, గుడ్లు వదిలేసి పోతాయి.

కారణం తెలియకపోతే ఎంత ప్రేమున్నా ఏమీ చేయలేం అనడానికి రాబందుల్ని మించిన ఉదాహరణ నాకు తెలీదు. దక్షిణాసియాలో 1990ల్లో మూడు రకాల రాబందులు కళ్ళ ముందే మాయమైపోయాయి, పదిహేనేళ్ళలో తొంభై ఐదు శాతానికి పైగా, తెల్ల వీపు రాబందైతే తొంభై తొమ్మిది శాతం పైనే పోయాయి. అడవులు పోయాయన్నారు, పురుగుమందులన్నారు, ఏదో వైరస్ అన్నారు, ఏళ్ళు గడిచిపోయాయి. చివరికి 2004లో పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనతో తేలింది, పశువులకి నొప్పులకీ జ్వరానికీ వేసే డైక్లోఫెనాక్ అని. ఆ ఇంజెక్షన్ పడ్డ పశువు కొద్ది రోజుల్లో చనిపోతే, ఆ కళేబరాన్ని తిన్న రాబందుకి కిడ్నీలు దెబ్బతిని అది కూడా చచ్చిపోతుంది. రాబందులు గుంపుగా తింటాయి కాబట్టి ఒక్క కళేబరం చాలు ఎన్నిటినో చంపడానికి. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ దాన్ని పశువులకి వాడకుండా బ్యాన్ చేశాయి. అయితే మనుషులకి అమ్మే పెద్ద సీసాలు కొని పశువులకి వేయడం ఆగలేదు, అందుకని 2015లో భారత్‌లో మనుషుల ఇంజెక్షన్‌ని కూడా 3 మిల్లీలీటర్ల సింగిల్ డోస్‌కే పరిమితం చేశారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా పశువులకి వాడకుండా ఆపేశారు, అవీ రాబందులకి ప్రమాదమే కాబట్టి. వీటి బదులు మెలోక్సికామ్ ఉంది, పశువుకి పని చేస్తుంది, రాబందుకి హాని లేదు.

ఇక్కడ చట్టం తన పని తను చేసింది, ఆ తర్వాత మిగిలింది పశువు ఉన్న మనిషి, దాన్ని చూసే డాక్టర్, మందుల షాపువాడు. "ఏ ఇంజెక్షన్ వేస్తున్నారు, మెలోక్సికామ్ వేయండి" అని అడిగే ఒక్క మాట. పశువులు మీకు లేకపోయినా మీ చుట్టాల్లో ఎవరికో ఉంటాయి, వాళ్ళకి ఈ మందుల పేర్లు చెప్పండి, ఏది వద్దో ఏది పర్లేదో, పేపర్ మీద రాసి ఇచ్చినా సరే. అచ్చం ఇలాంటిదే అమెరికాలో కాలిఫోర్నియా కాండర్ది. అది కూడా రాబందు లాంటిదే, 1982లో లెక్కేస్తే 22 మిగిలాయి. వేటగాడు కాల్చిన జంతువులో సీసం తూటా ముక్కలు చితికి మాంసంలో ఉండిపోతాయి, వదిలేసిన పేగులూ మాంసం తిన్న కాండర్‌కి సీసం విషం ఎక్కుతుంది. అక్కడ ఆ పక్షికి అందరికంటే ఎక్కువ సాయం చేయగలిగినవాడు వేటగాడే, సీసం మానేసి రాగి తూటా వాడితే చాలు. జంతువుల మీద ప్రేమ అంటూ వేటగాళ్ళని తిడుతూ కూర్చునేదానికంటే వాళ్ళతో మాట్లాడి తూటా మార్పించడం వల్ల బతికిన కాండర్లు ఎక్కువ, నేనైతే అదే నమ్ముతాను.

ఇప్పుడు పశువులూ లేవు, కుక్కా లేదు, ఫోన్ మాత్రం ఉంది అనేవాళ్ళ సంగతి, అంటే మనలో చాలామంది. దయచేసి ఈ భాగం కొంచెం నెమ్మదిగా చదవండి. స్లో లోరిస్ అని ఒక చిన్న జంతువు, మన దేవాంగ పిల్లికి దగ్గరి చుట్టం, గుండ్రటి పెద్ద కళ్ళు. 2009 ప్రాంతంలో దాన్ని చంకల్లో చక్కిలిగింతలు పెడుతున్న వీడియో ఒకటి ప్రపంచమంతా తిరిగింది, ఇప్పటికీ అలాంటివి తిరుగుతూనే ఉన్నాయి. అది రెండు చేతులూ పైకెత్తి కళ్ళు విప్పార్చి చూస్తుంటుంది, ఎంత ముద్దుగా ఉందో, ఇంకా పెట్టమంటోంది అని జనం మురిసిపోతారు. అసలు అక్కడ జరుగుతున్నదేంటంటే, లోరిస్‌కి మోచేతి లోపలి వైపు ఒక గ్రంథి ఉంటుంది, అందులో వచ్చే ద్రవాన్ని నాకి ఉమ్మితో కలిపితే విషమవుతుంది, భయపడినప్పుడు కరవడానికి సిద్ధంగా చేతులు అలా ఎత్తి పెడుతుంది. అంటే మనం ముద్దు అనుకుంటున్నది దాని భయం. అది రాత్రిళ్ళు తిరిగే జంతువు, ఆ గది లైట్ వెలుతురే దాని కళ్ళకి నరకం. ఇక పెంపుడు జంతువుగా అమ్మేవాళ్ళు చాలామంది అది కరవకుండా ముందే దాని పళ్ళని నెయిల్ కటర్‌తోనో కటింగ్ ప్లేయర్‌తోనో కట్ చేసేస్తారు, మత్తు కూడా ఇవ్వకుండా. ఇన్ఫెక్షన్ వచ్చి చాలా చచ్చిపోతాయి. బతికినవాటిని కూడా మళ్ళీ అడవిలో వదల్లేం, పళ్ళు లేకుండా చెట్ల జిగురు ఎలా తవ్వుకుని తింటుంది? 2007 నుంచే వీటి అంతర్జాతీయ వ్యాపారం నిషేధం. అయినా ఆ వీడియోల కింద కామెంట్లలో "నాకూ ఒకటి కావాలి, ఎక్కడ దొరుకుతుంది" అనేవి కొల్లలు.

అలాంటి వీడియో వచ్చినప్పుడు చేయాల్సింది లైక్ కొట్టకపోవడం, షేర్ చేయకపోవడం. ఇంకోటి, చాలామందికి తెలియనిది, కోపంగా కామెంట్ కూడా పెట్టొద్దు. తిట్టినా పొగిడినా ఆ వీడియోకి రీచ్ పెరుగుతుంది, తిట్టడానికి షేర్ చేసినా సరే అది ఇంకో వందమందికి చేరుతుంది. రిపోర్ట్ కొట్టి బయటికొచ్చేయండి. ఇంట్లోవాళ్ళు గ్రూపుల్లో పెడితే అందరి ముందూ కడిగేయకుండా పర్సనల్‌గా చెప్పండి, "అత్తయ్యా, అది నవ్వట్లేదు, భయపడుతోంది" అని. నేను చూసినంతలో ఆ ఒక్క ముక్క విన్నాక మళ్ళీ ఎవరూ అది పంపరు, ఎందుకంటే పంపినవాళ్ళు కూడా జంతువు మీద ఇష్టంతోనే పంపారు. నీటికుక్క పిల్లల్ని టబ్బుల్లో ఆడించే వీడియోలదీ ఇదే కథ, వాటి డిమాండ్ ఎంత పెరిగిందంటే 2019లో రెండు ఆసియా నీటికుక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా ఆపాల్సి వచ్చింది. టూర్లకి వెళ్ళినప్పుడు పులిపిల్లని ఒళ్ళో పెట్టుకుని ఫోటో, లోరిస్‌ని భుజం మీద పెట్టుకుని ఫోటో, ఇవీ అంతే. ఎప్పుడు వెళ్ళినా పాలు తాగే పులిపిల్ల రెడీగా ఉందంటే పెద్దయినవి ఏమవుతున్నాయో ఒక్క నిమిషం ఆలోచించండి.

కొనే విషయంలో అలుగు గురించి చెప్పాలి. ప్రపంచంలో ఎనిమిది రకాల అలుగులు ఉన్నాయి, ఎనిమిదీ ప్రమాదంలోనే ఉన్నాయి. దాని పొలుసుల్లో ఏదో ఔషధం ఉందని నమ్మి చంపుతున్నారు. ఆ పొలుసు కెరటిన్, అంటే మన గోళ్ళూ వెంట్రుకలూ దేంతో తయారవుతాయో అదే. ఖడ్గమృగం కొమ్ము కూడా అదే. 2016లో అన్ని అలుగుల వ్యాపారాన్నీ నిషేధించాలని సైటిస్ ఒప్పందంలో ఉన్న దేశాలు తీర్మానించాయి. సైటిస్ అంటే 1973లో కుదిరిన ఒప్పందం, ఇప్పుడు నూట ఎనభైకి పైగా దేశాలున్నాయి అందులో, ఏ జంతువుని, ఏ మొక్కని దేశాలు దాటించి అమ్మొచ్చో, దేన్ని అమ్మకూడదో దాని లిస్టుల్లో ఉంటుంది. మనకి ఇది ఎక్కడ తగులుతుందంటే, టూర్లో ముచ్చటపడి కొనే వస్తువుల దగ్గర. సముద్ర తాబేలు చిప్పతో చేసిన దువ్వెనలు, గాజులు, దంతం బొమ్మలు, పగడపు ముక్కలు, కొన్ని రకాల శంఖాలు. "పాతదండీ, చట్టం రాకముందుది" అంటాడు అమ్మేవాడు. ఏంటో తెలియని జంతువు భాగం దేన్నీ కొనకపోతే సరిపోతుంది, అంత సింపుల్. పెంచుకోవడానికి కూడా అంతే, తాబేలైనా చిలకైనా, అది ఎక్కడ పుట్టిందో కాగితం చూపించలేనివాడి దగ్గర కొనొద్దు. నక్షత్ర తాబేళ్ళని అడవుల్లోంచి వేల సంఖ్యలో బ్యాగుల్లో కుక్కి తీసుకుపోతున్నారు, వాటిది కూడా 2019 నుంచి పూర్తి నిషేధమే.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తాను, చాలామంది మంచివాళ్ళే ఇక్కడ పొరపాటు పడతారు. బజార్లో బోనులో జంతువుని చూసి జాలేసి, దాన్ని కొని విడిపిద్దాం అనుకుంటారు. వద్దు. అమ్మేవాడికి మీరు ఎందుకు కొన్నారనేది అనవసరం, అమ్ముడుపోయింది, రేపు ఇంకోటి తెస్తాడు, మీరు వదిలిన చోట అది బతుకుతుందో లేదో కూడా తెలీదు. దానికంటే ఆ చోటు గుర్తుపెట్టుకోండి, ఎన్ని ఉన్నాయి, ఏ రకం, ఏ టైమ్‌లో, వాడితో గొడవ పడకుండా బయటికొచ్చి అటవీ శాఖకో పోలీసులకో వన్యప్రాణుల మీద పనిచేసే సంస్థకో చెప్పండి. ఆన్‌లైన్లో కనిపిస్తే లింకు, స్క్రీన్‌షాట్, అకౌంట్ పేరు దాచి పంపండి, ఆ పోస్టు పది నిమిషాల్లో డిలీట్ అయినా ఆధారం మిగులుతుంది. దాన్ని పబ్లిక్‌గా పోస్ట్ చేసి పరువు తీద్దాం అనిపిస్తుంది, కానీ అలా చేస్తే వాడు జాగ్రత్తపడి దాక్కుంటాడు, వెనకున్న పెద్దవాళ్ళు అసలు దొరకరు.

పిల్లల విషయం కూడా ఇలాంటిదే. ఒంటరిగా కూర్చున్న జింకపిల్ల, గూట్లోంచి కింద పడ్డట్టున్న పక్షిపిల్ల కనిపిస్తే తల్లి వదిలేసిందనుకుని ఇంటికి తెచ్చేస్తారు. జింక తల్లి పిల్లని గడ్డిలో దాచి మేతకి వెళ్తుంది, ఎగరడం నేర్చుకునే పక్షిపిల్ల రెండు మూడు రోజులు నేల మీదే ఉంటుంది, తల్లి పక్కనే ఉండి మేపుతుంది. దూరంగా నిలబడి కాసేపు చూడండి, కుక్కా పిల్లీ రాకుండా చూడండి చాలు. నిజంగా గాయపడితే గాలి ఆడే అట్టపెట్టెలో, చీకట్లో, చప్పుడు లేని చోట పెట్టి తెలిసినవాళ్ళకి ఫోన్ చేయండి. పాలు పోయకండి, నోట్లో నీళ్ళు పోయకండి, అలా పోసినవి ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంటాయి. సెల్ఫీ అసలు వద్దు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, చూసింది రాసిపెట్టడం. వేల్ షార్క్ వీపు మీద, పక్కల మీద తెల్లటి చుక్కలుంటాయి, మన వేలిముద్రల్లాగా ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. మొప్పల వెనక ఎడమ పక్క తీసిన ఫోటో ఉంటే ఆ చుక్కల వరసని బట్టి అది ఏ షార్కో చెప్పేయొచ్చు. ఆ లెక్క కట్టే పద్ధతి ఎక్కడ నుంచి తెచ్చారో తెలుసా, ఖగోళ శాస్త్రంలో ఆకాశం ఫోటోల్లో నక్షత్రాల్ని పోల్చడానికి తయారు చేసిన దాన్నుంచి. సరదాగా డైవింగ్‌కి వెళ్ళినవాళ్ళు తీసిన ఫోటోలు ఒక చోట చేరి, ఏ షార్క్ ఏ సముద్రం నుంచి ఏ సముద్రానికి పోయిందో, ఎన్నేళ్ళు బతికిందో బయటపడుతోంది. మూపురపు తిమింగలాల్ని తోక కింది మచ్చల్ని బట్టి ఇలాగే గుర్తుపడుతున్నారు. పక్షులకైతే 1900లో ఫ్రాంక్ చాప్‌మన్ అనే ఆయన అమెరికాలో, క్రిస్మస్ రోజు పక్షుల్ని వేటాడే అలవాటు బదులు వాటిని లెక్కపెడదాం రమ్మంటే మొదటేడు 27 మంది వచ్చారు, ఆ లెక్క ఇప్పటికీ ప్రతి ఏటా నడుస్తోంది. ఏ పక్షి తగ్గుతోందో ముందుగా తెలిసేది ఇలాంటి లెక్కల్లోనే. ఈబర్డ్, ఐనాచురలిస్ట్ లాంటి యాప్స్ ఫోన్లో వేసుకుని రోజూ నడిచే దారిలో కనిపించింది పెట్టండి. అరుదైనవే పెట్టాలని లేదు, ఈరోజు మామూలుగా కనిపించేది పదేళ్ళ తర్వాత తగ్గిపోతే, తగ్గిందని చెప్పడానికి ఈరోజు లెక్క కావాలి కదా.

కానీ లొకేషన్ విషయంలో జాగ్రత్త. అరుదైన జంతువు ఫోటో తీసి సంతోషంతో ఎక్కడ దొరికిందో రాసేస్తాం, దాని గూడు ఫోటో, పక్కన రోడ్డు బోర్డు, అన్నీ కనిపిస్తాయి. ఫోన్ ఫోటో లోపల కూడా ఆ చోటు నమోదై ఉంటుంది. దొంగలు కూడా ఇంటర్నెట్ చదువుతారు, కొత్తగా కనిపెట్టిన తాబేలూ బల్లీ కప్పా ఎక్కడున్నాయో పరిశోధన పేపర్లలో చదివి పట్టుకుపోయిన సందర్భాలున్నాయి. ఐనాచురలిస్ట్‌లో ప్రమాదంలో ఉన్న జాతులకి లొకేషన్ దానంతటదే మసకగా చూపిస్తుంది, ఈబర్డ్ కూడా కొన్ని జాతుల వివరాలు దాస్తుంది, మనం పెట్టే సోషల్ మీడియా పోస్టుకి మాత్రం ఆ కాపలా లేదు. జిల్లా పేరు కూడా రాయక్కర్లేదు, అలాగే గూటి దగ్గరకి వెళ్ళి ఫోటో తీయక్కర్లేదు.

ఇంటి పనుల గురించి ఎక్కువ చెప్పను. కిటికీ అద్దాలకి గుద్దుకుని చచ్చే పక్షులు ఒక్క అమెరికాలోనే ఏడాదికి కోట్లలో ఉంటాయని అంచనా, అద్దం బయటి వైపు ఐదేసి సెంటీమీటర్ల దూరంలో చుక్కలో గీతలో పెడితే తగ్గిపోతాయి, ఒకే ఒక్క గద్ద స్టిక్కర్ అంటిస్తే ఉపయోగం లేదు. పిల్లిని రాత్రిళ్ళు ఇంట్లో పెట్టుకోండి. సముద్రం ఒడ్డున ఇల్లో రూమో ఉంటే తాబేళ్ళ సీజన్లో బీచ్ వైపు లైట్లు ఆపండి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎటు వెలుతురుంటే అటు పాకుతుంది, అడవిలాంటి చీకట్లో ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది, మన బల్బులుంటే రోడ్డు మీదకొచ్చేస్తుంది. ఇసుకలో పిల్లలు తవ్విన గోతులు పూడ్చి ఇంటికి వెళ్ళండి, వాటిలో పడితే లేవలేవు. బ్రిటన్‌లో తోటల కంచెల అడుగున 13 సెంటీమీటర్ల కన్నం వదిలి హెడ్జ్‌హాగ్‌లకి (ఒళ్ళంతా ముళ్ళుండే చిన్న జంతువులు) దారి ఇస్తున్నారు, ఒక ఇంటివాళ్ళు పెడితే కాదు, వరుసగా వీధి వీధంతా పెడితేనే అవి తిరగగలవు.

పామాయిల్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఒక మాట. ఒరంగుటాన్ల అడవులు దాని కోసం నరికారన్నది నిజమే. అలాగని పూర్తిగా మానేస్తే సరిపోదు, ఎందుకంటే అదే నూనె ఇంకో పంట నుంచి తీయాలంటే చాలా రెట్లు ఎక్కువ నేల కావాలి, అప్పుడు ఇంకెక్కడో ఇంకో అడవి పోతుంది. అడవి నరకకుండా పండించిందని సర్టిఫికెట్ ఉన్నది కొనడం, వాడే కంపెనీని "మీ పామాయిల్ ఎక్కడి నుంచి వస్తోంది" అని మెయిల్ పెట్టి అడగడం మేలని నా అభిప్రాయం.

ఒక్కరే చేయలేని పనులు కూడా ఉన్నాయి. అస్సాంలో హర్గిలా అనే పెద్ద కొంగ ఉంది, బట్టతల, చెత్తకుప్పల్లో తింటుంది, గూళ్ళ కింద కంపు. అపశకునం అని గూళ్ళున్న చెట్లు నరికేసేవాళ్ళు. పూర్ణిమా దేవి బర్మన్ అనే పరిశోధకురాలు 2007లో గూళ్ళతో సహా చెట్టు నరికేయడం చూసి, చదువు పక్కన పెట్టి ఊళ్ళో ఆడవాళ్ళతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ పక్షికి సీమంతాలు చేశారు, చీరల మీద దాని బొమ్మ నేశారు, ఇప్పుడు వేల మంది ఆడవాళ్ళు హర్గిలా ఆర్మీ అని తమ పెరటి చెట్లకి తామే కాపలా. 2022లో ఐక్యరాజ్యసమితి ఆమెకి ఛాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్ అవార్డు ఇచ్చింది. ఆ పక్షి ఏ అభయారణ్యంలోనో లేదు, మనుషుల పెరట్లోనే ఉంది, కాబట్టి చెట్టు యజమాని మనసు మారితే తప్ప ఏ చట్టమూ దాన్ని కాపాడలేదు. నాగాలాండ్‌లో పాంగ్తి ఊరివాళ్ళు కూడా అంతే, 2012 దాకా అమూర్ డేగల్ని వలలేసి వేలకి వేలు చంపినవాళ్ళే మరుసటి ఏడు వలలు తీసేశారు, ఊరి పెద్దలు, చర్చి, అధికారులు కూర్చుని మాట్లాడుకున్నాక.

డబ్బు ఇవ్వాలనుకుంటే ఒకేసారి పెద్ద మొత్తం కంటే నెలనెలా కొంచెం ఇవ్వడం పనిచేసేవాళ్ళకి ఎక్కువ ఉపయోగం, కాపలా మనిషి జీతం ప్రతి నెలా కావాలి కదా. పులికీ ఏనుగుకీ ఎలాగో వస్తాయి. కప్పలకి, మంచినీటి చేపలకి, గబ్బిలాలకి, నత్తలకి ఇచ్చేవాళ్ళు తక్కువ, నా మొగ్గు ఎప్పుడూ అటే. మీరుండే చోట రోడ్డో క్వారీయో ప్రాజెక్టో వస్తుందంటే జనం అభిప్రాయం తీసుకునే గడువు ఉంటుంది, అక్కడ "ఇక్కడ ఫలానా జంతువు ఉంది, ఇదిగో ఫలానా తేదీల్లో చూశాం" అని రాతపూర్వకంగా ఇవ్వండి. యాప్‌లో పెట్టిన లెక్కలు అప్పుడు పనికొస్తాయి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ నడిపే రెడ్ లిస్ట్ వెబ్‌సైట్ ఉంది, ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే, 1964 నుంచి నడుస్తున్న జాబితా, ఫ్రీగా చూడొచ్చు. మీ చుట్టుపక్కల ఉండే ఒక జంతువు పేరు కొట్టండి. పేజీలో కిందికి వెళ్తే దానికున్న ముప్పులేంటో ఒక్కొక్కటీ విడివిడిగా రాసి ఉంటుంది, వేటా, రోడ్లా, జబ్బా, వలలా, పెంపుడు వ్యాపారమా. అక్కడ ఆగి చదవండి. అందులో మీరు తిరిగే రోడ్డు, మీరు కొనే వస్తువు, మీ ఊరి చెరువు, మీ కుక్క, ఏదో ఒకటి కచ్చితంగా తగులుతుంది, తగిలినదేంటో కింద కామెంట్లో రాయండి, దానికి ఏం చేయొచ్చో కలిసి చూద్దాం.